ఎనిమిది రోజులు మిగిలుండగా దొరికిన లాయరు: ఒక ఏవియేషన్ లీగల్ సర్వీసు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా: 5కి నాలుగున్నర. ఆ అర స్టారు ఎందుకు కోశానో చివర్లో చెప్తాను, చిన్న సంగతే. లాయరు పేరు మాత్రం రాయను. నా కేసు వివరాలు ఆయన పేరుకి అంటుకుని తిరగడం ఆయనకీ బాగోదు, నాకూ బాగోదు. పేరు చెప్పని రివ్యూ ఎందుకూ అంటారా? అసలు ఇలాంటి సర్వీసు ఒకటి ఉంటుందనే మనవాళ్ళలో చాలామందికి తెలీదు. విమానాల లాయరంటే కూలిపోయిన విమానాల కేసులు వాదించేవాడని నేనూ అనుకున్నాను.

నాది తెనాలి. నాన్నకి ఎరువుల కొట్టు. ఎమ్మెస్ చదవడానికి డాలస్ వచ్చి, ఇప్పుడు ప్లేనోలో హెచ్‌1బి మీద టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నా. శని ఆదివారాలు మెకిన్నీ ఎయిర్‌పోర్టులో సెస్నా 172 అనే చిన్న విమానం మీద ఫ్లయింగ్ నేర్చుకుంటున్నా. సరదా కోసమైతే ఇంత డబ్బు తగలేసేవాణ్ణి కాదు. ప్రైవేటు లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు, 250 గంటలకి కమర్షియల్, 1,500 గంటలకి ఎయిర్‌లైన్ లైసెన్సు. గ్రీన్ కార్డు క్యూ కదిలితే ఇక్కడే, కదలకపోతే లైసెన్సులు డీజీసీఏకి (మన విమానయాన నియంత్రణ సంస్థ) మార్పించుకుని ఇండియాలో. ఎక్సెల్ షీటులో 2031 దాకా నెలనెలా రాసి పెట్టుకున్నాను. ఆ షీటులో ఈ కథకి గడి లేదు.

2024 మే 11, శనివారం. ఫ్రిస్కోలో ఫ్రెండు కూతురి మొదటి పుట్టినరోజు. ఆరింటికి కేకు కోశారు, ఎనిమిదింటికి బిర్యానీ, పిల్లలందరూ వెళ్ళిపోయాక పెద్దవాళ్ళ పుట్టినరోజు మొదలైంది. ఇంటికి ఆరు మైళ్ళు. ఉబర్ బుక్ చేయబోయి, పొద్దున కారు కోసం మళ్ళీ రావాలి కదా అని మానేశాను. సగం దూరంలో వెనక లైట్లు వెలిగాయి. గీత మీద నడవమన్నారు, ఒంటికాలి మీద నిలబడమన్నారు. స్టేషన్లో మిషన్‌లో ఊదితే 0.11 వచ్చింది. టెక్సస్‌లో పరిమితి 0.08. నా డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకుని 40 రోజులు పనిచేసే తాత్కాలిక పర్మిట్ కాగితం చేతిలో పెట్టారు. రాత్రంతా లోపలే. తప్పు నాదే, ఇందులో వాదించడానికేమీ లేదు. ఈ రివ్యూ ఆ తర్వాత జరిగినదాని గురించి.

వాట్సాప్ గ్రూపులో అడిగితే అరగంటలో ముగ్గురు ఒకే లాయరు పేరు చెప్పారు. తాగి నడిపిన కేసులు, స్పీడింగ్ టికెట్లు చూసే లోకల్ లాయరు. మంచివాడే, కోర్టులో అందరికీ తెలిసినవాడు. లైసెన్సు సస్పెన్షన్ మీద హియరింగ్ కావాలంటే నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో అడగాలి. ఆయన నాలుగో రోజుకే అడిగేశాడు. హియరింగ్‌లో ఓడిపోయాం. జులై 22 నుంచి 90 రోజులు నా లైసెన్సు సస్పెండ్. అసలు కేసు మాత్రం కోర్టులో నడుస్తూనే ఉంది.

ఆయన్ని నేనొక ప్రశ్న అడిగాను. "నేను ఫ్లయింగ్ నేర్చుకుంటున్నా సార్, ఎఫ్‌ఏఏ వాళ్ళకి ఏమైనా చెప్పాలా?" అని. ఎఫ్‌ఏఏ అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ. "ముందు కేసు తేలనివ్వండి. శిక్ష పడితే అప్పుడు చూద్దాం" అన్నాడు. నాకు అదే కావాలి, నమ్మేశాను. పైగా నా దగ్గర ఉన్నది స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్. పైలట్ల రూల్సు పైలట్లకి, మనమింకా పైలట్ అవ్వలేదు కదా అని ఇంకో ధైర్యం.

నాన్నకి ఫోన్లో చెప్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "ఏరా, చలానా కట్టేస్తే అయిపోదా?" అన్నాడు. "ఇక్కడ చలానా కాదు నాన్నా, కేసు" అన్నా. "మరి ఆ విమానం వాళ్ళకి కారు సంగతి ఎందుకు తెలుస్తుంది?" అన్నాడు. సరిగ్గా అదే మాట అప్పటికి మూడు నెలలుగా నాలో నేను అనుకుంటున్నా.

సెప్టెంబరు 7న మెకిన్నీలో ప్రీఫ్లైట్, అంటే ఎగిరే ముందు విమానం తనిఖీ, చేస్తున్నాం. రెక్క కింద నుంచి పెట్రోలు శాంపుల్ తీసి గ్లాసు గొట్టం వెలుతురుకేసి పట్టుకున్నాను. లేత నీలం రంగు, అడుగున నీళ్ళ చుక్క ఉందా లేదా చూడాలి. మా ఇన్‌స్ట్రక్టర్ పక్కనే నిలబడి, "రెండు నెలలుగా ఉబర్‌లో వస్తున్నావు, కారుకేమైంది?" అన్నాడు. చెప్పాను. నా చేతిలో గొట్టం అలాగే ఉంది. "రిపోర్ట్ చేశావా?" "కేసు ఇంకా తేలలేదు." "కేసు సంగతి కాదు. లైసెన్సు ఎప్పుడు సస్పెండ్ అయింది?" జులైలో అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా జేబులోంచి పెట్రోలు బిల్లు తీసి, దాని వెనక ఒక ఫోన్ నంబర్ రాసిచ్చాడు. ఆ రోజు ఎగరలేదు. కాసేపు హ్యాంగర్ నీడలో కూర్చుని ఇంటికొచ్చేశాను.

ఇక సర్వీసు గురించి. సోమవారం పొద్దున ఫోన్ చేస్తే ఆఫీసులో అమ్మాయి మూడే ప్రశ్నలు అడిగింది: ఏ సర్టిఫికెట్ ఉంది, అరెస్ట్ ఎప్పుడు, సస్పెన్షన్ ఎప్పుడు. మూడో దానికి జవాబు విని, "ఒక్క నిమిషం" అని లైన్ హోల్డులో పెట్టి, వచ్చే వారం ఇవ్వాల్సిన అపాయింట్‌మెంటు గురువారానికి మార్చింది. గంట వీడియో కాల్, 450 డాలర్లు, ముందే కట్టాలి. కట్టేటప్పుడు చెయ్యి రాలేదు, నిజం.

సెప్టెంబరు 12 గురువారం. తెర మీద అరవై ఏళ్ళు దాటిన మనిషి, తనూ పైలటే. నేను పుట్టినరోజు పార్టీ దగ్గర మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కథ తర్వాత వింటాను. తేదీలు చెప్పండి" అన్నాడు. వెనక గోడకున్న క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచాడు. మన ఇళ్ళలో వంటగది గోడకి వేలాడేలాంటి పెద్ద క్యాలెండరే, పంచాంగం లేదు అంతే. జులై 22 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, అక్కడ నుంచి ఒక్కో గడీ మీద పెన్సిల్ మొన ఆనిస్తూ పైకే లెక్కపెట్టాడు. జులై అయ్యేసరికి తొమ్మిది. ఆగస్టు ఆఖరుకి నలభై. సెప్టెంబరు 20 దగ్గర అరవై. దానికి ఇంకో సున్నా. "ఇవాళ 12. ఎనిమిది రోజులున్నాయి" అన్నాడు. నా చేతిలో కాఫీ అప్పటికే చల్లారిపోయింది.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు చెప్తాను. ఎఫ్‌ఏఏ రూల్సులో 61.15 అని ఒకటుంది. తాగి లేదా మత్తులో బండి నడిపిన వ్యవహారంలో మూడు రకాల సంఘటనల్ని ఆ రూలు లెక్కలోకి తీసుకుంటుంది. కోర్టు దోషి అనడం ఒకటి. ఆ కారణంతో డ్రైవింగ్ లైసెన్సు సస్పెండో రద్దో కావడం రెండోది. ఆ కారణంతోనే లైసెన్సు ఇవ్వకపోవడం మూడోది. ఇందులో ఏది జరిగినా, జరిగిన నాటి నుంచి 60 రోజుల్లోగా ఎఫ్‌ఏఏ సెక్యూరిటీ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒక్క రాత్రి పనికి రెండు సంఘటనలు పుడితే రెండు ఉత్తరాలు. కోర్టు కేసు కొట్టేసినా సరే, మధ్యలో సస్పెన్షన్ పడి ఉంటే దాని ఉత్తరం దానిదే.

మన లోకల్ లాయరు పొరపాటు సరిగ్గా ఇక్కడే. ఆయన దృష్టిలో సస్పెన్షన్ అనేది కేసులో ఒక చిన్న ముక్క, కోర్టు తీర్పే అసలుది. 61.15 దృష్టిలో రెండూ సమానం. స్టూడెంట్ సర్టిఫికెట్ సంగతి అడిగితే ఈ ఏవియేషన్ లాయరు నవ్వలేదు. "అది కూడా రూల్సులో అదే 61వ భాగం కింద ఇచ్చిన సర్టిఫికెట్టే. మీరు పైలట్ కాదని మీరనుకుంటున్నారు, వాళ్ళనుకోవడం లేదు" అన్నాడు. చెప్పకపోతే? ఏడాది దాకా ఏ లైసెన్సూ ఇవ్వకపోవచ్చు, ఉన్నవి సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. తాగి నడిపినందుకు విమానం లైసెన్సు పోని మనిషికి, ఉత్తరం రాయనందుకు పోయే అవకాశం ఉందన్నమాట. ఇది విన్నాక నాకు ఆ 450 డాలర్ల బాధ తగ్గింది.

నన్ను ఇంకా భయపెట్టింది వేరే. "ఫిబ్రవరిలో మెడికల్ (పైలట్ల ఆరోగ్య సర్టిఫికెట్) రెన్యువల్ ఉంది కదా, ఆ ఫారంలో రాసేస్తే సరిపోదా?" అని అడిగాను. సరిపోదట. మెడికల్ ఫారం వెళ్ళేది ఎఫ్‌ఏఏ వైద్య విభాగానికి. ఉత్తరం వెళ్ళాల్సింది సెక్యూరిటీకి. రెండూ ఓక్లహామా సిటీలోనే. అయినా ఒకరికి చెబితే ఇంకొకరికి చెప్పినట్టు కాదు. మన తాసీల్దారు ఆఫీసులో పక్క బల్ల కాగితం ఈ బల్ల మీదకి రానట్టే. చాలామంది మెడికల్ ఫారంలో నిజాయితీగా అన్నీ రాసి, రెండో ఆఫీసుకి రాయక దొరికిపోతారని చెప్పాడు.

ఉత్తరం నన్నే రాసి పంపమన్నాడు, తను దిద్దుతానన్నాడు. ఆ రాత్రి కూర్చుని మూడు పేజీలు రాశాను. కుటుంబ నేపథ్యం, నా కల, ఆ రోజు ఎందుకలా జరిగింది, ఎంత బాధపడుతున్నాను, ఇక జన్మలో చేయను. పొద్దున్నే తిరిగొచ్చింది. అరపేజీ మిగిలింది. పేరు, అడ్రసు, పుట్టిన తేదీ, సర్టిఫికెట్ నంబరు. ఏ రకం ఉల్లంఘన. సస్పెన్షన్ తేదీ. ఏ రాష్ట్రం దగ్గర రికార్డు ఉంది. ముందే తెలియజేసిన సంఘటనకి సంబంధించిందా కాదా. అంతే. "మీ బాధ నిజమే, దాని చోటు ఇది కాదు. డాక్టరు దగ్గర పనికొస్తుంది, దాచుకోండి" అని మార్జిన్లో రాశాడు. ఈ సర్వీసులో నాకు నచ్చిన మొదటి పని అదే. నేను రాసిన కన్నీళ్ళకి డబ్బు తీసుకుని వాటినే అందంగా టైపు చేసి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు.

13న సర్టిఫైడ్ పోస్టులో పంపాం, రిటర్న్ రిసీట్‌తో. 17న అక్కడ ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు. వారం తర్వాత ఆ రసీదు నా మెయిల్‌బాక్సులోకి వచ్చింది. పోస్టాఫీసు వాళ్ళ ఆ రసీదు ఆకుపచ్చరంగు అట్టముక్క. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో ఉన్నాను, నా చేతికొచ్చిన మొదటి గ్రీన్ కార్డు అదే. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి పెట్టాను, ఇప్పటికీ ఉంది.

నవంబరు 18న కోర్టులో నేరం ఒప్పుకున్నాను. ఏడాది ప్రొబేషన్, 12 గంటల డీడబ్ల్యూఐ (తాగి నడపడం) క్లాసు, జరిమానా. మర్నాడే రెండో ఉత్తరం తయారైంది. అందులో ఒక్క వాక్యం కోసం ఆయన నాతో పదిహేను నిమిషాలు మాట్లాడాడు: ఇదీ, జులై సస్పెన్షనూ ఒకే రాత్రి జరిగినదాని నుంచి వచ్చినవి అని స్పష్టంగా ఉండాలి. ఎందుకంటే మూడేళ్ళలోపు ఇలాంటివి రెండు విడివిడిగా జరిగితే అది వేరే కేసు, లైసెన్సు మీదకే వస్తుంది. ఒకే రాత్రి నుంచి పుట్టినవైతే ఆ లెక్కలోకి రావు. ఆ వాక్యం మర్చిపోతే, ఏదో ఒక బల్ల దగ్గర ఎవరో ఒకరు నన్ను రెండుసార్లు తాగి నడిపినవాడిగా చదువుతారు.

తర్వాత మెడికల్. ఎఫ్‌ఏఏ మెడికల్ ఫారం 8500-8 ఆన్‌లైన్లో నింపాలి. అందులో 18-వి ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది. అది శిక్ష గురించే కాదు, అరెస్టు గురించి కూడా అడుగుతుంది. కేసు కొట్టేసినా అరెస్టు అరెస్టే. అబద్ధం రాస్తే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు అని ఫారమే చెప్తుంది. అక్కడ సంతకం పెట్టామంటే నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో మన చరిత్ర చూసుకోమని మనమే అనుమతి ఇచ్చినట్టు. నాన్న ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. విమానం వాళ్ళకి కారు సంగతి అలా తెలుస్తుంది.

ఆ ప్రశ్న రెండో సగంలో ఇంకో చిక్కుంది. డ్రైవింగ్ నేరం వల్ల ఏదైనా శిక్షణ క్లాసుకి హాజరవ్వాల్సి వచ్చిందా అనే మాట కూడా ఉంటుంది. 2021లో నాకొక స్పీడింగ్ టికెట్ వచ్చింది, 70 ఉన్నచోట 84. టెక్సస్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే టికెట్ కొట్టేస్తారు. ఆరు గంటల ఆన్‌లైన్ కోర్సు. ఒక ఆదివారం దోసెలు పోస్తూ, మధ్యమధ్యలో లాప్‌టాప్‌లో "నెక్స్ట్" నొక్కుతూ పూర్తి చేశాను. అది కూడా రాయాలా? మామూలు స్పీడింగ్ టికెట్ 61.15 కిందికి రాదు, దాని గురించి ఉత్తరాలూ గిత్తరాలూ అక్కర్లేదు అని ఆయన ఖాయంగా చెప్పాడు. ఫారం దగ్గర మాత్రం కాసేపు ఆలోచించాడు. ప్రశ్నని రెండుసార్లు పైకి చదివి, "నా సలహా, ఒక వాక్యం రాసి పడేయండి. స్పీడింగ్, ఫలానా తేదీ, కోర్సు చేశాను, కొట్టేశారు. దాని వల్ల మీకు పోయేదేం లేదు" అన్నాడు. రాశాను. డాక్టరు దాని వంక చూడను కూడా చూడలేదు.

మెడికల్ ఇచ్చే డాక్టరు దగ్గరకి లాయరే కాగితాల ఫైలు కట్టించాడు. పోలీసు రిపోర్టు, శ్వాస పరీక్ష స్లిప్పు, కోర్టు ఉత్తర్వు, సస్పెన్షన్ కాగితం, డ్రైవింగ్ రికార్డు, క్లాసు సర్టిఫికెట్, నా స్టేట్‌మెంట్. ఆ దాచుకోమన్న మూడు పేజీలు ఇక్కడ పనికొచ్చాయి, అవీ ఒకటిన్నర పేజీకి తగ్గాయి. డాక్టరు నా గుండె కంటే ఆ 0.11 ని ఎక్కువసేపు చూశాడు. 0.15 వచ్చి ఉంటే, లేదా ఊదనని మొండికేసి ఉంటే ఫైలు ఓక్లహామాకి పోయేదని, మద్యం అలవాటు మీద నిపుణుల పరీక్షలు, నెలల తరబడి ఎదురుచూపులు ఉండేవని చెప్పాడు. ఎప్పుడు తాగుతావు, ఎంత తాగుతావు, ఆ తర్వాత తాగావా అని నిదానంగా అడిగాడు. 2025 ఫిబ్రవరిలో ఫస్ట్ క్లాస్ (ఎయిర్‌లైన్ పైలట్ల స్థాయి) మెడికల్ చేతికొచ్చింది. సెప్టెంబరు నుంచి అప్పటిదాకా లాయరు సలహా మీద సోలో ఎగరలేదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటేనే. అక్టోబరు దాకా కారు నడపకూడదు, విమానం నడపొచ్చు, ఆ విడ్డూరం మీద మా రూమ్మేట్లు వేసిన జోకులు ఇక్కడ రాయను.

మొదటి కాల్‌లో చివరి పది నిమిషాలు నేను అడక్కుండానే లాయరు ఎయిర్‌లైన్ ఉద్యోగం గురించి మాట్లాడాడు. పంచదార పూయలేదు. ఇంటర్వ్యూలో ఇది అడుగుతారు, ఏళ్ళు గడిచినా అడుగుతారు. తీసుకునే ముందు కంపెనీ పైలట్ రికార్డులూ డ్రైవర్ రిజిస్టరూ చూస్తుంది. ఎయిర్‌లైన్ లైసెన్సు అర్హతల్లో వయసు, గంటలతో పాటు "మంచి నడవడి" అన్న మాట కూడా రాసి ఉంది. ఇంకోటి నేను కలలో కూడా అనుకోనిది, కెనడా. 2018 డిసెంబరులో కెనడా తాగి నడపడాన్ని పదేళ్ళ దాకా శిక్ష పడే నేరంగా మార్చింది. దాంతో ఇక్కడ ఒక్క డీడబ్ల్యూఐ శిక్ష ఉన్నా ఆ దేశంలోకి రానివ్వకపోవచ్చు. టొరంటోకి ఫ్లైటు వేస్తే దిగలేని పైలట్‌ని ఏ కంపెనీ ముందు వరసలో తీసుకుంటుంది? "తలుపు మూసుకుపోలేదు. ఇరుకైంది. 1,500 గంటలు అయ్యేసరికి మీకు నాలుగైదేళ్ళు పడుతుంది, ఆ నాలుగైదేళ్ళూ ఖాళీగా ఉండాలి మీ రికార్డు" అన్నాడు. ఎక్సెల్ షీటులో తేదీలన్నీ రెండేళ్ళు జరిపాను.

వీసా గురించి అడిగితే, "అది నా రంగం కాదు, ఇమిగ్రేషన్ లాయరుని కలవండి" అని రెండు పేర్లిచ్చి ఊరుకున్నాడు. తెలియనిది తెలియదన్నందుకు ఇంకో మార్కు. అప్పటికే జులైలో కాన్సులేట్ నుంచి ఈమెయిల్ వచ్చి ఉంది, అరెస్టు కారణంగా నా వీసా స్టాంపు రద్దని. ఇక్కడ ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. బయటికి వెళ్తే మాత్రం మళ్ళీ స్టాంపింగ్, దానికి ముందు వాళ్ళ డాక్టరు పరీక్ష. డిసెంబరు మొదటి వారంలో తెనాలిలో చెల్లి పెళ్ళి. తలంబ్రాలు ఫోన్లో చూశాను. ఎవరో పిన్ని, "వాడికి సెలవు దొరకలేదంట" అని పక్కావిడకి చెప్పడం స్పష్టంగా వినిపించింది. ఎఫ్-1 మీదో ఎం-1 మీదో (విద్యార్థి వీసాలు) ఫ్లయింగ్‌కి వచ్చిన పిల్లలు ఇది ఇంకోసారి చదవండి. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల వీసా హోదా రికార్డులు రద్దయినప్పుడు వాళ్ళలో చిన్నచిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్ళూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో పునరుద్ధరించారు గానీ, ఆ నెల రోజులు మా అపార్ట్‌మెంట్లలో ఎవరికీ నిద్ర లేదు.

హైదరాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇండియాలోనే సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేద్దామనుకుంటున్నాడు. వాడికిదంతా చెబితే, "ఇక్కడ అంత సీన్ లేదన్నా, గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కి నాన్నని తీసుకెళ్ళి కూర్చుంటే అయిపోద్ది" అన్నాడు. అయిపోదురా. కౌన్సెలింగ్ తర్వాత కోర్టు ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికే ఆర్నెల్ల దాకా జైలు ఉంది. మన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే అమెరికా లెక్కలో 0.03, వాళ్ళ కారు పరిమితిలో సగం కూడా లేదు. రేపు పైలట్ అయ్యాక డీజీసీఏ మిషన్లో సున్నా రావాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు, రెండోసారి మూడేళ్ళు, మూడోసారి లైసెన్సే పోతుంది. వాడు "సరే అన్నా" అని ఫోన్ పెట్టేశాడు. నమ్మాడో లేదో తెలీదు.

ఖర్చు లెక్క అడుగుతారు కాబట్టి రాస్తున్నా. మొదటి గంట 450. మొదటి ఉత్తరం 600, రెండోది 250. మెడికల్ ఫైలుకి రెండు గంటలు, గంటకి 375 చొప్పున 750. చిల్లర 112.50. మొత్తం 2,162 డాలర్ల 50 సెంట్లు. లోకల్ లాయరు, కోర్టు, పెరిగిన కారు ఇన్సూరెన్సు కలిపితే దీనికి అయిదింతలు అయింది, అందులో విమానానికి పనికొచ్చింది ఒక్క రూపాయి లేదు. ఏఓపీఏ అని పైలట్ల సంఘం ఉంది, వాళ్ళ దగ్గర లీగల్ సర్వీసుల ప్లాను ఉంటుంది. చేరాలని మొదట్లోనే ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. హెడ్‌సెట్ కొనడానికి డబ్బులు దాచుకుని చేరలేదు. మీరు చేరండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. వాళ్ళ క్లయింట్ పోర్టల్ 2005లో కట్టినట్టుంది, ఫోన్లో తెరిస్తే సగం తెర బయటికి పోతుంది. శని ఆదివారాలు ఎవరూ ఎత్తరు. కాగితాలు స్కాన్ చేసి పంపితే అందాయని చెప్పరు, మనమే అడగాలి. మనలాగా "ఏం కాదులెండి, నేనున్నా కదా" అనే మాట ఆయన నోట్లోంచి రాదు. మొదటి వారం అది కావాలనిపించింది, తర్వాత అలవాటైంది.

ఇక ఆ అర స్టారు. ఈమెయిళ్ళకి ఆరు నిమిషాల లెక్కన బిల్లు వేస్తారు, ఎంత చిన్నదైనా. మెడికల్ వచ్చిన రోజు ఆనందం పట్టలేక, సర్టిఫికెట్ ఫోటోతో సహా "థాంక్యూ సో మచ్ సార్" అని మెయిల్ పెట్టాను. రెండు గంటల తర్వాత జవాబు వచ్చింది: "యూ ఆర్ వెల్‌కమ్. ఫ్లై సేఫ్." నెలాఖరు బిల్లులో ఆ జవాబుకి 0.1 గంట, 37 డాలర్ల 50 సెంట్లు. కట్టేశాను. రసీదు వచ్చాక థాంక్స్ చెప్పలేదు.